వైద్యుల వృత్తిసామర్థ్యక్షీణత: గుర్తింపు, ప్రతిస్పందన - కొత్తచెరువు వంటి మండలకేంద్రాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అనారోగ్యం, మద్యం లేదా మత్తుపదార్థాలకు బానిస కావడం, వయోభారం, తీవ్రమైన అలసట వంటి కారణాల వల్ల వైద్యుడు తన వృత్తిని తగిన నైపుణ్యంతో, రోగికి హాని కలగని రీతిలో నిర్వహించలేని స్థితికి చేరుకోవడమే వృత్తిసామర్థ్యక్షీణత. ఈ స్థితిని గుర్తించడానికి, దానికి ప్రతిస్పందించడానికి పాశ్చాత్యదేశాలలో ఏర్పడిన పద్ధతులు పెద్ద ఆసుపత్రులను, పక్కనే పనిచేసే సహవైద్యులను దృష్టిలో పెట్టుకొన్నవి. ఒకరిద్దరు వైద్యులే ఉండే మండలకేంద్రాలకు అవి యథాతథంగా సరిపోవు. మన చట్టవ్యవస్థ వైద్యుని దుష్ప్రవర్తనను విచారించడానికి మార్గం చూపింది గాని, అనారోగ్యాన్ని విడిగా పరిశీలించడానికి చూపలేదు. ఈ లోటు వల్ల మౌనం, శిక్ష అనే రెండు దారులే మిగులుతున్నాయి. ఉన్న చట్టాల పరిధిలోనే మూడవ దారి ఎలా సాధ్యమో వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: వైద్యవృత్తి, సామర్థ్యక్షీణత, మానసిక ఆరోగ్యం, మత్తుపదార్థాలు, రోగిభద్రత, వైద్యమండలి, కొత్తచెరువు.

1. ఉపోద్ఘాతం

"వైద్యో నారాయణో హరిః" అనే నానుడి తెలుగునాట చదువుకోనివారి నోట కూడా వినిపిస్తుంది. ఈ మాటలో గౌరవంతో పాటు ఒక ప్రమాదం కూడా ఉంది. వైద్యుణ్ణి దేవునితో పోల్చిన సమాజం, అతనికీ జబ్బు చేస్తుందన్న సంగతిని సులభంగా అంగీకరించదు. ప్రాచీన వైద్యశాస్త్రం మాత్రం ఇంతకంటే వాస్తవికంగా ఆలోచించింది. చరకసంహిత సూత్రస్థానం చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలను చెప్పి, వైద్యునికి నాలుగు గుణాలుండాలని పేర్కొన్నది. అవి శాస్త్రంలో నిర్మలమైన జ్ఞానం, అనేకపర్యాయాలు చికిత్సను ప్రత్యక్షంగా చూసిన అనుభవం, దక్షత, శుచిత్వం. వీటిలో మొదటి రెండూ ఒకసారి సంపాదిస్తే చాలావరకు నిలిచి ఉండేవి. దక్షత అటువంటిది కాదు. నిన్న ఉన్నది ఈ రోజు తగ్గవచ్చు. పట్టా, రిజిస్ట్రేషను జ్ఞానానికి సాక్ష్యమిస్తాయే తప్ప, ఈ రోజు ఈ గదిలో కూర్చున్న వైద్యుని దక్షతకు సాక్ష్యమివ్వలేవు.

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి విడివడి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో, పుట్టపర్తి, ధర్మవరం, పెనుకొండల నడుమ ఉన్న మండలకేంద్రం కొత్తచెరువు. దీనికి సమీపంలోనే, పుట్టపర్తి వద్ద ప్రశాంతిగ్రామంలో 1991 నుండి ఉన్నతస్థాయి ప్రత్యేక వైద్యశాల పనిచేస్తున్నది. అక్కడ ఒక శస్త్రవైద్యుని చేయి వణికితే చూడటానికి మత్తువైద్యుడు, సహాయకులు, విభాగాధిపతి ఉంటారు. మండలస్థాయి ఆరోగ్యకేంద్రంలో అలా చూసే సహవైద్యుడు ఎవరు? ప్రస్తుత పరిశీలనకు మూలమైన ప్రశ్న ఇదే.

2. పదవివేచన

ఇంగ్లీషు వైద్యసాహిత్యంలో 'ఇంపెయిర్‌మెంట్' అనే మాటకు తెలుగులో స్థిరపడిన సమానార్థకం లేదు. 'వైకల్యం' అంటే శాశ్వతమైన శారీరకలోపం స్ఫురిస్తుంది. 'అసమర్థత' అంటే మొదటినుండీ చేతకానితనమన్న నింద వినిపిస్తుంది. ఒకప్పుడు ఉన్న సామర్థ్యం ఏదో ఒక కారణం వల్ల తరిగిపోయిందన్న అర్థం ఇక్కడ ప్రధానం. తరిగినది తిరిగి రావచ్చునన్న ఆశ కూడా అందులో ఇమిడి ఉంది. అందుచేత ఈ వ్యాసంలో 'వృత్తిసామర్థ్యక్షీణత', సంక్షిప్తంగా 'సామర్థ్యక్షీణత' అనే పదాన్ని స్వీకరించడమైంది.

అమెరికన్ వైద్యసంఘం 1973లో 'రోగగ్రస్తుడైన వైద్యుడు' అనే అంశంపై వెలువరించిన నివేదిక ఈ విషయంపై ఆధునిక చర్చకు నాంది పలికింది. శారీరక లేదా మానసిక రోగం, వయసు మీరడం వల్ల కలిగే క్షయం, మద్యం లేదా మందుల దుర్వినియోగం కారణంగా, రోగికి భద్రత కలిగించే తగుపాటి నైపుణ్యంతో వృత్తిని నిర్వహించలేకపోవడమే ఈ స్థితి అని ఆ సంప్రదాయం నిర్వచిస్తుంది. ఈ నిర్వచనం నుండి మూడు భేదాలను గ్రహించవలసి ఉంటుంది.

మొదటిది, రోగం వేరు, సామర్థ్యక్షీణత వేరు. మధుమేహమున్న వైద్యుడు, కుంగుబాటుకు మందులు వాడుతూ చక్కగా పనిచేస్తున్న వైద్యురాలు రోగులే కావచ్చు గాని సామర్థ్యం క్షీణించినవారు కారు. రెండవది, నిర్లక్ష్యం వేరు. అన్ని శక్తులూ ఉండి కూడా తగిన శ్రద్ధ చూపకపోవడం నిర్లక్ష్యం. శ్రద్ధ చూపే శక్తినే కోల్పోవడం సామర్థ్యక్షీణత. మూడవది, దుష్ప్రవర్తన వేరు. లంచం తీసుకోవడం, అబద్ధపు ధ్రువపత్రాలు ఇవ్వడం తెలిసి చేసేవి. ఈ స్థితులు ఒక్కొక్కప్పుడు ఒకే వ్యక్తిలో కలిసి ఉండవచ్చు. అయినా వాటికి విరుగుడు ఒకటి కాదు.

3. కారణాలు

సామర్థ్యక్షీణత అనగానే సామాన్యంగా మద్యం గుర్తుకు వస్తుంది. నిజానికి అది అనేక కారణాలలో ఒకటి మాత్రమే. కుంగుబాటు, ఆందోళన, ఉన్మాదస్థితులు, మూర్ఛ, పక్షవాతం, కంపవాతం, చూపు మందగించడం, మతిమరుపు వ్యాధి మొదలైనవన్నీ ఈ పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వోద్యోగికి పదవీవిరమణ ఉంది గాని, సొంత క్లినిక్ నడిపే వైద్యునికి అటువంటి హద్దు లేదు. కాబట్టి వయోభారం ముఖ్యంగా ప్రైవేటు వైద్యంలో గమనించదగిన కారణం.

వైద్యవృత్తికే ప్రత్యేకమైన ప్రమాదం మందుల అందుబాటు. మత్తువైద్యులు ఫెంటనిల్, కెటమిన్, ప్రొపోఫోల్ వంటి వాటిని రోజూ స్వయంగా చేతితో వాడతారు. నొప్పికో నిద్రకో సొంత వైద్యంతో మొదలైన అలవాటు వ్యసనంగా మారడానికి ఈ అందుబాటే దోహదం చేస్తుంది. జ్ఞానం రక్షణ కవచమవుతుందన్న నమ్మకానికి చరిత్ర మద్దతివ్వదు. ఆధునిక శస్త్రచికిత్సకు మార్గదర్శకులలో ఒకరైన విలియం హాల్‌స్టెడ్ 1884 ప్రాంతంలో కొకెయిన్‌తో స్థానికమత్తుపై తనమీదనే ప్రయోగాలు చేసుకొని దానికి లోబడ్డారు. తరువాత మార్ఫిన్‌కు కూడా అలవాటుపడ్డారు.

చాలామంది కారణంగానే గుర్తించనిది అలసట. 1997లో 'నేచర్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన, వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న వ్యక్తి పనితీరు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యమున్న వ్యక్తి పనితీరుతో సమానంగా ఉంటుందని చూపింది. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు విధించిన పరిమితి 30 మిల్లీగ్రాములే. అంటే లారీ నడపడానికి చట్టం అనుమతించని స్థితికి సమానమైన స్థితిలో వైద్యుడు ప్రసవం చేయిస్తున్న సందర్భాలున్నాయి. 2004లో అమెరికాలోని ఒక ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో జరిగిన అధ్యయనంలో, సుదీర్ఘమైన వరుస డ్యూటీలు చేసిన ఇంటర్నులు, తగ్గించిన పనివేళలలో పనిచేసినవారి కంటే దాదాపు 36 శాతం అధికంగా తీవ్రమైన వైద్యపొరపాట్లు చేశారని తేలింది.

దీనికి బీజాలు విద్యార్థిదశలోనే పడుతున్నాయి. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక కోసం 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది స్నాతకోత్తర విద్యార్థులు ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్నారు. తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్లు మొదటి వర్గంలో 27.8 శాతం, రెండవ వర్గంలో 15.3 శాతం తెలిపారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్లు చెప్పినవారు స్నాతకోత్తర విద్యార్థులలో 31 శాతానికి పైగా ఉన్నారు. రెసిడెంట్ల పని వారానికి 74 గంటలు మించరాదని, వారానికొక సెలవు ఉండాలని ఆ నివేదిక సూచించింది. ఈ విద్యార్థులే రేపు మండలకేంద్రాలకు వైద్యాధికారులుగా వస్తారన్నది గమనార్హం.

4. గుర్తింపు: చూసేవారెవరు?

సామర్థ్యక్షీణత ఒక్కరోజులో బయటపడదు. సాధారణంగా మొదట కుటుంబజీవితం, తరువాత స్నేహసంబంధాలు, అటుపిమ్మట ఆర్థికస్థితి దెబ్బతింటాయి. వృత్తిలో లోపం కనిపించేది చివరికి. వైద్యుడు తన పరువుకు, జీవనానికి ఆధారమైన వృత్తిని అన్నిటికంటే ఎక్కువగా కాపాడుకొంటాడు గనుక, ఆసుపత్రిలో లక్షణాలు కనిపించే సమయానికి లోపల సమస్య బాగా ముదిరి ఉంటుంది.

పనిలో కనిపించే సూచనలను ఈ విధంగా వర్గీకరించవచ్చు.

4.1 హాజరు: తరచుగా, ముఖ్యంగా సెలవు మరునాడు, ఆలస్యంగా రావడం, చెప్పకుండా మధ్యలో వెళ్లిపోవడం, ఫోనుకు దొరకకపోవడం. మందులకు అలవాటుపడినవారిలో దీనికి వ్యతిరేకమైన సూచన ఉండవచ్చు. వారు అవసరానికి మించి డ్యూటీలు కోరి తీసుకొంటారు, విశ్రాంతికి కూడా గది విడిచి వెళ్లరు.

4.2 పనితీరు: మోతాదులలో పొరపాట్లు, అసంపూర్ణమైన కేసు షీట్లు, చేతిరాతలో మార్పు, ఒకే విషయాన్ని పదేపదే అడగడం, నిర్ణయాలను వాయిదా వేయడం.

4.3 ప్రవర్తన: అకారణమైన కోపం, కంటతడి, ముభావం, శుభ్రత తగ్గడం, మద్యం వాసన, చేతుల వణుకు, వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా.

4.4 మందుల లెక్కలు: రిజిస్టరుకు, నిల్వకు పొంతన లేకపోవడం; నొప్పిమందు ఇచ్చినట్లు రాసి ఉన్నా రోగి బాధ తగ్గకపోవడం; పగిలిన ఆంప్యూళ్ల సంఖ్య పెరగడం.

వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. చేతి వణుకు థైరాయిడ్ దోషం వల్ల రావచ్చు. ఆలస్యం ఇంట్లో మంచంపట్టిన తల్లి వల్ల కావచ్చు. మునుపటి ప్రవర్తనతో పోల్చినప్పుడు కనిపించే మార్పు, ఆ మార్పు పదేపదే జరగడం, అనేక సూచనలు ఒకేసారి కలిసి రావడం మాత్రమే ఆలోచించదగినవి.

పెద్ద ఆసుపత్రిలో ఈ మార్పును సహవైద్యుడు గమనిస్తాడని అంతర్జాతీయ మార్గదర్శకాలు భావిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి ఇద్దరు వైద్యులను నిర్దేశించింది. అయితే ఒకరు కేంద్రంలో ఓపీ చూస్తుంటే, మరొకరు 104 వాహనంలో గ్రామాలకు వెళ్తారు. అంటే ఇద్దరున్నా ఒకరి పని మరొకరికి కనిపించేది స్వల్పం. కాబట్టి ఇక్కడ నిజంగా చూసేవారు స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియను, ఏఎన్‌ఎం, వీధిలో మెడికల్ షాపు నడిపే వ్యక్తి. వైద్యుని కంటే హోదాలో తక్కువైన వీరికి చూసే అవకాశం ఉంది గాని చెప్పే అధికారం లేదు.

5. మౌనం: దాని కారణాలు, మూల్యం

సహవైద్యులు సైతం మాట్లాడరని చెప్పడానికి ఆధారముంది. అమెరికాలో 1,891 మంది వైద్యుల సమాధానాలతో 2010లో ప్రచురితమైన అధ్యయనంలో, సామర్థ్యం క్షీణించిన లేదా అసమర్థుడైన సహోద్యోగి గురించి తెలియజేయడం వృత్తిధర్మమని 64 శాతం మాత్రమే అంగీకరించారు. అటువంటి సహోద్యోగి తమకు ప్రత్యక్షంగా తెలుసునన్నవారు 17 శాతం. వారిలో మూడింట రెండు వంతుల మందే ఆ సంగతిని సంబంధితులకు తెలియజేశారు. వేరెవరో చూసుకొంటారనుకోవడం, చెప్పినా ఫలితముండదనే భావన, ప్రతీకార భయం ప్రధాన కారణాలుగా తేలాయి.

మండలకేంద్రంలో వీటికి మరికొన్ని తోడవుతాయి. ఒక పరిస్థితిని ఊహిద్దాం. ఒక స్టాఫ్ నర్సు, తమ వైద్యుడు మూడు వారాలుగా సోమవారాలు ఆలస్యంగా రావడం, చేతులు వణకడం, ఒక బిడ్డకు పెద్దవారి మోతాదు రాయడం గమనించింది. ఆ చీటీని ఫార్మసిస్టు సరిదిద్దాడు గనుక హాని జరగలేదు. ఇప్పుడు ఆమె ముందున్న దారులేమిటి? జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి అర్జీ పెడితే అది ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదు మెమోగా, మెమో సస్పెన్షనుగా మారుతుంది. ఆ వైద్యుడు పదేళ్లుగా అర్ధరాత్రి ప్రసవాలకు వచ్చినవాడు. అతను వెళ్లిపోతే ఆ స్థానం ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో తెలియదు. అప్పుడు ఊరివారు అర్హత లేని ఆర్ఎంపీల దగ్గరకే వెళ్లవలసి వస్తుంది. చెప్పకపోతే, రేపటి చీటీని ఫార్మసిస్టు గమనించకపోవచ్చు. మంచి మనసున్నవారు సైతం మౌనాన్ని ఆశ్రయించేది ఇక్కడే. ఈ మౌనానికి పిరికితనం కంటే, చెప్పదగిన చోటు లేకపోవడమే ముఖ్యకారణం.

మౌనానికి రోగులే కాదు, వైద్యుడు కూడా మూల్యం చెల్లిస్తాడు. చికిత్సకు లొంగే దశ దాటిపోతుంది. చివరకు ఒక మరణమో, జనాగ్రహమో, సెల్‌ఫోను వీడియోనో ఆ మౌనాన్ని భగ్నం చేస్తుంది. ఆనాటికి సహాయానికి వ్యవధి ఉండదు.

6. చట్టం ఏం చెబుతున్నది?

2002 నాటి భారత వైద్యమండలి వృత్తినీతి నిబంధనలు, తోటి వైద్యులలో అసమర్థతను, అవినీతిని, అనైతిక ప్రవర్తనను నిర్భయంగా, నిష్పక్షపాతంగా బహిర్గతం చేయడం వైద్యుని విధి అని చెబుతాయి. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న ప్రకటించిన కొత్త నిబంధనలు, వృత్తిని ప్రభావితం చేసే రీతిలో మద్యం లేదా మత్తుపదార్థాలు వాడటాన్ని దుష్ప్రవర్తనగా పేర్కొన్నాయి. అదే నెల 23న ఆ నిబంధనలను నిలుపుదల చేయడంతో 2002 నాటివే తిరిగి అమలులోకి వచ్చాయి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం వృత్తిపరమైన, నైతికపరమైన దుష్ప్రవర్తనపై రాష్ట్ర వైద్యమండలి చర్య తీసుకొంటుంది. ప్రభుత్వవైద్యులకు అదనంగా ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల 1991 నాటి క్రమశిక్షణ నియమాలు వర్తిస్తాయి.

ఈ నిబంధనలన్నిటిలో సమాన లక్షణం ఒకటుంది. ఇవి వైద్యుణ్ణి నిందితునిగానే చూస్తాయి. బ్రిటన్‌లో దీనికి భిన్నమైన పద్ధతి ఉంది. అక్కడి వైద్యమండలి 1980 నుండే అనారోగ్యాన్ని దుష్ప్రవర్తన నుండి వేరుచేసి విచారించే పద్ధతిని ప్రారంభించింది. ఈనాటికీ అక్కడి చట్టంలో వైద్యుని యోగ్యతను ప్రశ్నించడానికి దుష్ప్రవర్తన ఒక ఆధారమైతే, శారీరక, మానసిక అనారోగ్యం మరొక ప్రత్యేక ఆధారం.

అయినప్పటికీ, వైద్యుల కోసం ప్రత్యేకంగా చేయకపోయినా, వారికి రక్షణనిచ్చే చట్టాలు మనకు లేకపోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గోప్యతకు హామీ ఇస్తుంది. సామాజిక, వృత్తిగత, రాజకీయ విలువలతో ఏకీభవించకపోవడాన్ని మానసికరోగంగా నిర్ణయించరాదని ఆ చట్టంలోని 3వ సెక్షను స్పష్టం చేస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను, స్వల్పపరిమాణానికి సంబంధించిన నేరారోపణలో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందితే విచారణ నుండి మినహాయింపునిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షను, సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించకుండా, హోదా తగ్గించకుండా, అవసరమైతే అదే జీతంతో వేరొక పనికి మార్చాలంటుంది. 2021 డిసెంబరు 17న రవీందర్ కుమార్ ధరీవాల్ కేసులో, మానసిక వైకల్యం వల్ల కలిగిన ప్రవర్తనపై క్రమశిక్షణ చర్యకు పూనుకోవడం పరోక్ష వివక్షలో ఒక రూపమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు కేంద్ర రిజర్వు పోలీసు దళంలోని ఒక అధికారికి సంబంధించినదైనా, ఆ సూత్రం ప్రభుత్వవైద్యుల విషయంలో కూడా ఆలోచించదగినది.

7. విశాఖపట్టణం ఉదంతం: ఒక హెచ్చరిక

సరైన దారి లేనిచోట ఏమి జరుగుతుందో తెలుగునాట 2020లో జరిగిన ఒక ఉదంతం చూపుతుంది. నర్సీపట్నం ప్రాంతీయ వైద్యశాలలో మత్తువైద్యుడైన డాక్టర్ కె. సుధాకర్, కోవిడ్ తొలిరోజులలో ఎన్-95 మాస్కుల కొరత ఉందని బహిరంగంగా విమర్శించి, 2020 ఏప్రిల్‌లో సస్పెన్షనుకు గురయ్యారు. మే 16న విశాఖపట్టణంలో పోలీసులు ఆయన చేతులు వెనుకకు కట్టి తీసుకువెళ్లిన దృశ్యాలు దేశమంతటా ప్రసారమయ్యాయి. ఆయన మద్యం మత్తులో అనుచితంగా ప్రవర్తించారని పోలీసులు తెలిపారు. అనంతరం ఆయనను ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. రాష్ట్ర హైకోర్టు ఈ వ్యవహారంపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2021 మే నెలలో ఆయన మరణించారు.

ఆనాటి ఆయన ఆరోగ్యస్థితిని నిర్ణయించడం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. ఈ ఉదంతాన్ని సామర్థ్యక్షీణతకు ఉదాహరణగా కూడా ఇక్కడ స్వీకరించడం లేదు. గమనించవలసినది ప్రక్రియను మాత్రమే. ఆ వైద్యుడు నిజంగా అస్వస్థుడైతే, రోడ్డుమీద చేతులు కట్టడం చికిత్సకు తొలిమెట్టు కాదు. అస్వస్థుడు కాకపోతే, విమర్శించిన వ్యక్తిపై రోగమనే ముద్ర పడే ప్రమాదం అక్కడ స్పష్టంగా ఉంది. ఏది నిజమైనా నష్టం తప్పలేదు. ఆధారాలను నిష్పాక్షికంగా పరిశీలించి, సమాజం నమ్మదగిన సమాధానం చెప్పే స్వతంత్రమైన వైద్యబృందం ముందుగానే లేకపోవడమే దానికి కారణం. కనుక సామర్థ్యక్షీణతను గుర్తించే ఏ పద్ధతైనా, ఆ ముద్రను ఆయుధంగా వాడుకోకుండా అడ్డుకొనే కట్టుబాటును కూడా తనలోనే కలిగి ఉండాలి.

8. ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1973 నివేదిక తరువాత క్రమంగా దాదాపు అన్ని రాష్ట్రాలలో వైద్యుల ఆరోగ్య కార్యక్రమాలు ఏర్పడ్డాయి. వ్యసనానికి లోనైన వైద్యుణ్ణి అంచనాకు, చికిత్సకు పంపి, అయిదేళ్లపాటు ఆకస్మిక పరీక్షలతో పర్యవేక్షించడం వీటి ప్రధానపద్ధతి. 16 రాష్ట్రాల కార్యక్రమాలలోని 904 మంది వైద్యులపై జరిగిన అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అయిదేళ్ల తరువాత వివరాలు లభించిన 802 మందిలో సుమారు 79 శాతం మంది రిజిస్ట్రేషనుతో వృత్తిలో కొనసాగుతున్నారు. వ్యసనం వైద్యజీవితానికి అంతం కానవసరం లేదనడానికి ఇది బలమైన ఆధారం.

అయితే ఈ నమూనాలకు లోపాలూ ఉన్నాయి. ఉత్తర కరొలినా రాష్ట్ర ఆడిటర్ 2014లో, అక్కడి కార్యక్రమంలో వైద్యుడు తనపై వచ్చిన అంచనాను ప్రశ్నించడానికి తగిన రక్షణలు లేవని ఎత్తిచూపారు. బ్రిటన్ వైద్యమండలి తానే చేయించిన సమీక్షలో, 2005-2013 మధ్య విచారణలో ఉండగా 28 మంది వైద్యులు ఆత్మహత్య వల్ల లేదా ఆత్మహత్యగా అనుమానించదగిన రీతిలో మరణించారని వెల్లడైంది. విచారణే ఒక ప్రమాదకారణం కాగలదని ఈ అనుభవం నేర్పుతుంది. అక్కడ 2008లో లండన్‌లో వైద్యుల కోసం ప్రత్యేకంగా ప్రారంభమైన గోప్యమైన చికిత్సాసేవ, విచారణతో సంబంధం లేకుండా వైద్యుడు స్వయంగా వెళ్లి సాయం కోరడానికి వీలు కల్పించింది.

9. మండలస్థాయిలో ప్రతిస్పందన: ఒక ప్రతిపాదన

పై అనుభవాల వెలుగులో, కొత్తచెరువు వంటి మండలకేంద్రానికి సరిపడే క్రమాన్ని ఈ విధంగా రూపొందించవచ్చు.

9.1 తక్షణ రక్షణ: వైద్యుడు మత్తులో గాని, అయోమయంలో గాని విధుల్లో ఉన్నట్లు కనిపిస్తే మొదటి కర్తవ్యం రోగిని కాపాడటం. ఆ పూటకు అతణ్ణి పని నుండి తప్పించి, రోగులను రెండవ వైద్యునికో సమీప ఆసుపత్రికో పంపాలి. వైద్యుణ్ణి కూడా ఒంటరిగా వదలరాదు, వాహనం నడపనివ్వరాదు. రక్తంలో చక్కెర పడిపోవడం, పక్షవాతం వంటి అత్యవసర స్థితులు మత్తులాగే కనిపిస్తాయి కాబట్టి అతణ్ణి మొదట రోగిగా పరీక్షించాలి.

9.2 నమోదు: చూసినది తేదీ, సమయంతో రాయాలి. "తాగి వచ్చారు" అనేది తీర్పు. "తొమ్మిదింటికి రావలసినవారు పదకొండున్నరకు వచ్చారు, మాట తడబడింది, మోతాదు తప్పు రాశారు" అనేది పరిశీలన. నమోదులో ఉండవలసినది రెండవదే. వీడియో తీయడం, వాట్సాప్ బృందాలలో పంచుకోవడం గోప్యతకు భంగం మాత్రమే కాక, ఆ వ్యక్తిని చికిత్సకు మరింత దూరం చేస్తుంది.

9.3 చెప్పే చోటు: జిల్లాస్థాయిలో ఒక మానసిక వైద్యుడు, ఒక సీనియరు వైద్యుడు, ఒక నర్సింగ్ ప్రతినిధి ఉన్న చిన్న సంఘం అవసరం. క్రమశిక్షణ అధికారులు అందులో సభ్యులు కారాదు. నర్సు గాని, ఫార్మసిస్టు గాని తమ పేరు బయటపడకుండా దానికి తెలియజేయగలగాలి. రోగికి ప్రమాదం కొనసాగుతున్నప్పుడు మాత్రమే, లేదా చికిత్సను నిరాకరించినప్పుడు మాత్రమే విషయం అధికారులకు, వైద్యమండలికి చేరాలి. ప్రైవేటు వైద్యసంస్థల రిజిస్ట్రేషను 2002 చట్టం కింద జిల్లా అధికారుల పరిధిలోనే ఉంది కనుక సొంత క్లినిక్‌లను కూడా ఈ ఏర్పాటులో చేర్చవచ్చు.

9.4 స్వతంత్రమైన అంచనా: అంచనా వేసేవారు, చికిత్స చేసేవారు వేరువేరుగా ఉండాలి. అదే జిల్లాలో అందరికీ అందరూ తెలుసు. అందుచేత జిల్లా వెలుపలి నిపుణులు మేలు. ఈ ప్రాంతానికి విశాఖపట్టణం కంటే బెంగళూరు ఎంతో చేరువ. అక్కడి నిమ్హాన్స్‌లో వ్యసనచికిత్సకు ప్రత్యేక కేంద్రముంది. తనపై వచ్చిన అంచనాను ప్రశ్నించి రెండవ అభిప్రాయం కోరే హక్కు వైద్యునికి ఉండాలి. అధికారులను విమర్శించిన తరువాత వచ్చిన ఆరోపణలను మరింత జాగ్రత్తగా పరిశీలించాలి.

9.5 పునరాగమనం: చికిత్సాకాలాన్ని వైద్యకారణాలతో కూడిన సెలవుగా పరిగణించి, ఆ స్థానానికి తాత్కాలిక వైద్యుణ్ణి పంపాలి. స్టాఫ్ నర్సు మౌనానికి కారణమైన "ఆయన వెళ్తే ఊరికి ఎవరు?" అన్న ప్రశ్నకు సమాధానం ఇదే. తిరిగి వచ్చిన తరువాత పరిమితమైన విధులు, అవసరాన్ని బట్టి మత్తుమందుల తాళం మరొకరి చేతిలో ఉండటం, నిర్ణీతకాలం పర్యవేక్షణ వంటి షరతులు రాతపూర్వకంగా ఉండాలి.

9.6 శిక్షణ: అనంతపురానికి పొరుగున ఉన్న బళ్లారి జిల్లాలో 1980వ దశకంలో నిమ్హాన్స్ చేపట్టిన ప్రయోగం, ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల సిబ్బందికి మానసికరోగాలను గుర్తించే శిక్షణ ఇవ్వవచ్చునని నిరూపించి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మాదిరి అయింది. రోగుల కోసం ఇచ్చిన ఆ శిక్షణను, సిబ్బంది తమను తాము, తమవారిని గమనించుకోవడానికి కూడా విస్తరించాలి. 2019 నుండి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఉన్న ప్రవర్తన, నీతి, సంభాషణ పాఠాలలో దీనికి చోటు కల్పించవచ్చు. 2025 జులై 25న, విశాఖపట్టణంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు ఇచ్చిన మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు వైద్యకళాశాలలకు కూడా ఊతమిస్తాయి. వైద్యునికి గాని, సిబ్బందికి గాని తక్షణ సలహా అవసరమైతే 2022 అక్టోబరు 10 నుండి పనిచేస్తున్న టెలీమానస్ 14416 నంబరు తెలుగులో కూడా అందుబాటులో ఉంది.

10. ముగింపు

ఈ పరిశీలన నుండి తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• సామర్థ్యక్షీణత అనేది రోగానికి, నిర్లక్ష్యానికి, దుష్ప్రవర్తనకు భిన్నమైన స్థితి. భిన్నమైన పేరు, భిన్నమైన ప్రక్రియ దానికి అవసరం.

• మన నిబంధనలు సహవైద్యునిపై చెప్పే బాధ్యతను ఉంచాయి. మండలకేంద్రాలలో నిజంగా చూసేవారు నర్సులు, ఫార్మసిస్టులు. వారికి రక్షణతో కూడిన చోటు చూపనిదే గుర్తింపు సాధ్యం కాదు.

• శిక్ష ఒక్కటే దారి అయినప్పుడు మంచివారు మౌనం వహిస్తారు. చికిత్స, పునరాగమనం సాధ్యమని తెలిసినప్పుడు ముందుగానే చెబుతారు. ఈ విధంగా చూస్తే వైద్యునిపట్ల కరుణ, రోగిభద్రత పరస్పరవిరుద్ధమైనవి కావు.

• స్వతంత్రమైన అంచనా, గోప్యత, ప్రశ్నించే హక్కు లేని పద్ధతి విమర్శకులను అణచే సాధనంగా మారగలదు.

• జిల్లాస్థాయి సంఘం, తాత్కాలిక వైద్యుని నియామకం, శిక్షణ అనేవి కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండా పాలనాపరమైన ఉత్తర్వులతోనే ఆరంభించదగినవి.

చరకుడు దక్షతను వైద్యుని గుణంగా చెప్పిన అధ్యాయంలోనే పరిచారకుణ్ణి కూడా చికిత్సకు ఒక పాదంగా లెక్కించాడు. ఒక పాదం తడబడినప్పుడు మిగిలినవి దానిని నిలబెట్టాలి. ఫార్మసిస్టు సరిదిద్దిన ఆ చీటీ విషయాన్ని స్టాఫ్ నర్సు భయపడకుండా చెప్పగలిగే చోటు ఏర్పడిన నాడు, ఆ బిడ్డకూ ఆ వైద్యునికీ ఏకకాలంలో రక్షణ దొరుకుతుంది.